కట్టుడు పళ్ల కింద పుండు: తప్పు సెట్టుది కానప్పుడు

కట్టుడు పళ్లు పెట్టుకునేవారి నోట్లో ఎక్కడ మంట పుట్టినా, ఎక్కడ పొక్కు లేచినా మా శ్రీకాకుళం వైపు అందరూ ముందుగా అనే మాట ఒక్కటే: సెట్టు కరిచింది. కొత్త చెప్పు మడమను కరిచినట్టు కొత్త సెట్టు చిగుళ్లను కరవడం నిజమే గనుక ఆ మాటను తప్పుపట్టలేము. అయితే ప్రతిసారీ నింద సెట్టు మీదే వేయడం వల్ల, సరిగ్గా అదే చోట పుట్టే మరికొన్ని జబ్బులు, ముఖ్యంగా వైరస్ వల్ల వచ్చే పుళ్లు, ఎవరి కంటా పడకుండా పోతున్నాయి. సెట్టును అరగదీయించుకోవడం, పూత మందు రాసుకోవడం, తగ్గకపోతే మళ్లీ అరగదీయించుకోవడం అనే వరుసలో వారాలు గడిచిపోతాయి. ఈలోగా వైరస్‌కు మందు వేయవలసిన తొలి రోజులు కాస్తా దాటిపోతాయి.

నేను వైద్యుణ్ణి కాను. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి, పైనా కిందా పూర్తి సెట్టు వాడుతున్నవాణ్ణి. మా కుటుంబంలో ఎదురైన ఒక అనుభవం తర్వాత ఈ విషయం మీద చదివినదీ, దంతవైద్యులను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను. మోతాదుల ప్రస్తావన వచ్చిన చోట అది వైద్యుడితో మాట్లాడేటప్పుడు ఉపయోగపడేందుకే తప్ప, దుకాణంలో సొంతంగా కొనుక్కుని వేసుకునేందుకు కాదు.

సెట్టు నిజంగా కరిచిన పుండుకు కొన్ని ఆనవాళ్లు ఉంటాయి. కొత్త సెట్టు పెట్టుకున్న మొదటి రోజుల్లోనో, పాత సెట్టు వదులై అటూ ఇటూ కదలడం మొదలైనప్పుడో అది వస్తుంది. పళ్లు తీయించుకున్నాక దవడ ఎముక ఏటికేడు కొంత కొంత అరుగుతూనే ఉంటుంది కనుక, ఒకప్పుడు అతుక్కుని కూర్చున్న సెట్టు కొన్నేళ్లకు వదులు కావడం ఎవరికైనా తప్పని సంగతే. ఇటువంటి పుండు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అంచు ఎక్కడ గుచ్చుకుంటుందో సరిగ్గా అక్కడే, ఎక్కువగా చిగురుకూ బుగ్గకూ మధ్యనున్న లోయలో, అంచు ఆకారానికి తగ్గట్టు పొడవుగా పడుతుంది. సెట్టు తీస్తే హాయిగా ఉంటుంది, పెట్టుకుంటే నొప్పి తిరిగి మొదలవుతుంది. దంతవైద్యుడు ఆ అంచును కాస్త అరగదీస్తే వారం పది రోజుల్లో మానిపోతుంది. మానిందంటే నేరం సెట్టుదేనని నిస్సందేహంగా చెప్పవచ్చు.

రెండవది ఫంగస్. పై సెట్టు రాత్రింబవళ్లు తీయకుండా ఉంచుకునేవారి అంగిలి, సెట్టు కప్పిన మేర అచ్చు గుద్దినట్టు ఎర్రబడి ఉంటుంది. చిత్రమేమిటంటే ఇందులో చాలామందికి నొప్పే ఉండదు. ఎవరైనా సెట్టు తీయించి లైటు వేసి చూస్తే తప్ప తమ అంగిలి అంత ఎర్రగా ఉందని వారికే తెలియదు. కాండిడా అనే ఫంగస్ మనలో చాలామంది నోళ్లలో మామూలుగానే ఉంటుంది. లాలాజలం సరిగా తగలని ఆ చీకటి సందులో, గరుకుగా ఉన్న అక్రిలిక్ పలకను పట్టుకుని అది పెరుగుతుంది. పెదవుల మూలలు, అంటే సెలవులు, పగిలి, ఆవలిస్తే రక్తం చిమ్మేలా ఉండేవారిలో కూడా తరచుగా ఇదే కారణం. మధుమేహం ఉన్నవారికీ, ఉబ్బసానికి మందు పీల్చేవారికీ, ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ వాడినవారికీ ఇది త్వరగా పడుతుంది. దీని గురించి దంతవైద్యులు బాగానే చెబుతున్నారు కనుక నేను ఇంతటితో వదిలి, ఎవరూ చెప్పని మూడవ సంగతికి వస్తాను.

పెదవి అంచున జ్వరం తర్వాత గుత్తుగా లేచే చిన్న నీటి పొక్కులను మా ఇంట్లో పెద్దలు సాలీడు పాకిందనేవారు. అవి హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వచ్చేవి. ఈ వైరస్ మొదటి రకం ప్రపంచంలో 50 ఏళ్ల లోపువారిలో సుమారు 380 కోట్ల మందిలో, అంటే 64 శాతం మందిలో ఉన్నదని 2020 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా. వయసు పెరిగేకొద్దీ ఈ పాళ్లు పెరుగుతాయే గాని తగ్గవు, ఎందుకంటే ఒకసారి ఒంట్లో ప్రవేశించిన ఈ వైరస్ జీవితాంతం పోదు. చాలామందికి చిన్నతనంలోనే, ముద్దులాడినప్పుడో ఎంగిలి వల్లనో అంటుకుంటుంది. కొందరికి జ్వరమూ చిగుళ్ల వాపూ వస్తాయి, ఎక్కువమందికి ఏమీ తెలియదు. ఆ తర్వాత అది ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నాడి వెంట పైకి పాకి, పుర్రె అడుగున ఆ నాడికున్న ముడిలో నిద్రపోతుంది. జ్వరం, ఎండదెబ్బ, మానసిక ఒత్తిడి, పన్ను పీకడం, అంగిలికి మత్తుసూది ఇవ్వడం, ఇటువంటివేవైనా దానిని లేపవచ్చు. లేచిన వైరస్ వచ్చిన దారినే కిందికి దిగి పెదవి అంచుకు చేరుతుంది.

పెదవికే కాదు, నోటి లోపలికి కూడా దిగుతుంది. కట్టుడు పళ్లవారికి అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఆరోగ్యవంతుల్లో ఈ వైరస్ తిరిగి లేచినప్పుడు నోటి లోపల అది ఎంచుకునే స్థలాలు రెండే: గట్టి అంగిలి, ఎముకను అంటిపెట్టుకుని ఉన్న చిగురు. అంటే కింద ఎముక ఉండి, కదలకుండా బిగువుగా ఉండే పొర. పై సెట్టు వచ్చి కూర్చునేది కూడా సరిగ్గా ఆ పొర మీదనే. అందుచేత అక్కడ పుట్టిన వైరస్ పుండు సెట్టు కరిచిన పుండుగానే లెక్కలోకి పోతుంది. ఎవరినైనా బాధించే మామూలు నోటిపూత దీనికి ఎదురు: అది బుగ్గ లోపల, పెదవి లోపల, నాలుక కింద, అంటే మెత్తగా కదిలే చోట్ల పడుతుంది, అంటువ్యాధి కాదు.

వైరస్ పుండును గుర్తుపట్టడానికి స్థలంతో పాటు ఆకారం కూడా పనికి వస్తుంది. ఆవగింజంత నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. నోట్లో తడి వల్ల, సెట్టు ఒత్తిడి వల్ల అవి గంటల్లోనే చితికిపోయి, గుండుసూది తలలంతటి పుళ్లు పక్కపక్కన మిగులుతాయి, తర్వాత అవి కలిసిపోయి అంచులు వంకరటింకరగా కనిపిస్తాయి. అవి లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు ఆ చోట జివజివలాడడమో, మంటగా ఉండడమో జరుగుతుంది. సెట్టు తీసినా నొప్పి పూర్తిగా పోదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో వారం నుంచి రెండు వారాల్లో దానంతట అదే మానుతుంది కూడా. అప్పుడు మధ్యలో ఎవరు అరగదీశారో వారికి పేరు వస్తుంది. మూత్రపిండ మార్పిడి జరిగినవారిలోనూ, కేన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారిలోనూ మాత్రం ఈ నియమాలేవీ పనిచేయవు. వారికి నోట్లో ఎక్కడైనా రావచ్చు, పెద్దవి కావచ్చు, వారాల తరబడి మానకపోవచ్చు.

ఇక మా అప్ప సంగతి. ఆమెది ఉద్దానంలో, కవిటి మండలంలోని ఒక గ్రామం. కొబ్బరితోటల మధ్య ఇల్లు, డెబ్బై దాటిన వయసు, ఉద్దానంలో ఎందరికో ఉన్నట్టే మూత్రపిండాల జబ్బు. డయాలసిస్ దాకా పోలేదు గాని, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ నెత్తురులో పెరిగి మందులు వాడుతున్నది. పళ్లన్నీ పోయి ఏళ్లయింది, సెట్టుతో చక్కగా జీడిపప్పు కూడా నమిలేది. ఒకనాడు నాకు ఫోను చేసి, కుడివైపు పై దవడ పోటు పెడుతోందనీ, ఆ పోటు చెవిలోకీ కంటి కిందికీ లాగుతోందనీ చెప్పింది. "పళ్లే నేవు కదరా తమ్ముడూ, పన్నుపోటు ఎలాగొస్తదిరా?" అని ఆమే నవ్వింది. ఆ ప్రశ్నలోనే రోగ నిర్ధారణ ఉన్నదని నాకు తర్వాత తెలిసింది.

ఆమెను ఇంటివాళ్లు దగ్గరలోని పట్టణంలో పళ్లు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన సెట్టు తీసి చూసి, కుడివైపు ఎర్రగా ఉన్నదని, అంచు అరగదీసి పంపించాడు. రెండు రోజుల్లో అంగిలి కుడి సగం పుళ్లతో నిండిపోయింది, ముక్కు పక్కన పై పెదవి మీద నీటి పొక్కులు లేచాయి, గంజి కూడా మింగలేని స్థితి వచ్చింది. మళ్లీ వెళితే మళ్లీ అరగదీశాడు. అప్పుడు శ్రీకాకుళం తీసుకువచ్చి ఒక దంతవైద్యురాలికి చూపించాము. ఆమె సెట్టును ముట్టుకోలేదు. అంగిలి మీద లైటు వేసి, మమ్మల్ని కూడా వంగి చూడమన్నది. పుళ్లు కుడివైపు మాత్రమే ఉన్నాయి. అంగిలి నడుమ గీత గీసినట్టు ఆగిపోయాయి, ఎడమవైపు ఒక్క పొక్కు లేదు. సెట్టు కరిస్తే ఇంత లెక్కగా సగానికి ఆగదు కదా అని ఆమె అడిగింది.

అది సర్పి, ఇంగ్లీషులో షింగిల్స్. నడుం చుట్టూ, ఛాతీ మీద ఒక పక్కన వచ్చే సర్పిని మా ప్రాంతంలో ఎవరైనా చూడగానే పోల్చుకుంటారు. దానికి ఎర్రమట్టి పూతలూ మంత్రాలూ కూడా ఉన్నాయి. అదే సర్పి నోట్లో వస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారి ఒంట్లో ఆ వైరస్ నాడుల ముడుల్లో మిగిలిపోతుంది. వయసు మీరినప్పుడు, ఒంట్లో నిరోధక శక్తి తగ్గినప్పుడు, ఏదో ఒక నాడి వెంట అది బయటికి వస్తుంది. ఒక్క నాడి వెంటనే వస్తుంది గనుక ఒంటికి ఒక పక్కనే కనిపిస్తుంది, నడిమి గీత దాటదు. ట్రైజెమినల్ నాడికి మూడు కొమ్మలు: నుదురూ కన్నూ మొదటిది, బుగ్గా పై దవడా అంగిలీ రెండవది, కింది దవడా నాలుకా మూడవది. అప్పకు లేచింది రెండవ కొమ్మ. పొక్కులకు ముందు కొన్ని రోజుల పాటు పోటు ఒక్కటే ఉండడం ఈ జబ్బు లక్షణం. పళ్లు ఉన్నవారైతే ఆ రోజుల్లో పంటి నొప్పేననుకుని మంచి పన్ను పీకించుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. పళ్లు లేనివారు సెట్టు అరగదీయించుకుంటారు.

ఇక్కడ కాలం విలువైనది. సర్పికి వాడే ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు లేచిన 72 గంటల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. వైరస్ కొత్త కణాల్లోకి వ్యాపించే దశలో దాని పెరుగుదలను ఆపడమే ఆ మందుల పని. జరిగిపోయిన నష్టాన్ని అవి వెనక్కి తేలేవు. అయితే మా అప్ప విషయంలో ఆ వైద్యురాలు చీటీ రాయడానికి ముందు కిడ్నీ డాక్టరుకు ఫోను చేసింది. ఎసైక్లోవిర్ ఒంట్లోంచి బయటికి పోవలసింది మూత్రపిండాల ద్వారానే. మామూలు వారికి సర్పిలో 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు ఇస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి అదే మాత్ర రోజుకు రెండుసార్లకు మించి ఇవ్వకూడని పరిస్థితి ఉంటుంది. తగ్గించకుండా ఇస్తే మందు నెత్తురులో పేరుకుపోయి, చేతులు వణకడం, తికమకగా మాట్లాడడం, లేనివి ఉన్నట్టు కనిపించడం మొదలవుతుంది. పల్లెలో ఒక ముసలామె అలా మాట్లాడితే గాలి సోకిందంటారే గాని మాత్ర ఎక్కువైందని ఎవరికి తోస్తుంది?

ఈ మాట నేను ఇంత నొక్కి రాయడానికి కారణం ఉన్నది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తరించి ఉన్నదో తెలుగువారందరికీ తెలుసు. దానికి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. ఆ మండలాల్లో కట్టుడు పళ్లు వాడే వయసువారిలో మూత్రపిండాల పరీక్ష చేయించుకోనివారు ఎందరో ఉంటారు. కనుక నోటి పుండుకు ఏ మందు రాయించుకుంటున్నా, మాది ఉద్దానం అని డాక్టరుకు ముందుగా చెప్పడం, ఇటీవలి క్రియాటినిన్ కాగితం ఉంటే చూపించడం అవసరం. దవడ పోటుకు దుకాణంలో చిల్లరగా కొనే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఈ జబ్బు ఉన్నవారికి నేరుగా హాని చేస్తాయి. మా బావ అటువంటి మాత్రలే తెచ్చి ఇంట్లో పెట్టాడు; అదృష్టవశాత్తూ అప్ప వాటిని మింగలేకపోయింది. ఇంకొకటి, నోరు పుండై ఏమీ తినలేనివారికి మన ఇళ్లలో మొదట అందించేది కొబ్బరినీళ్లు, అందులోనూ అక్కడ ఇంటి ముందే చెట్టు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. చల్లార్చిన చోడి అంబలి, మెత్తటి మజ్జిగన్నం వంటివి కూడా వారికి ఎంతవరకు తగునో కిడ్నీ డాక్టరును అడిగి తెలుసుకోవడం మేలు.

అప్ప పుళ్లు కొన్ని వారాలకు మానాయి గాని బుగ్గలో మంట నెలల తరబడి ఉండిపోయింది. సర్పి తగ్గాక మిగిలే ఈ నాడి నొప్పి వయసు మీరినవారిలోనే ఎక్కువ. దానికి ఇచ్చే గాబాపెంటిన్ కూడా మూత్రపిండాల స్థితిని బట్టి తగ్గించవలసిన మందే. సెట్టు అంచు తాకితే చాలు జివ్వుమంటోందని ఆమె చాలా కాలం దాన్ని గిన్నెలోనే ఉంచింది. తర్వాత లోపలివైపు మెత్తటి లైనింగ్ వేయించాక మళ్లీ పెట్టుకుంటున్నది. సర్పికి టీకా ఉన్నదని కూడా ఆ సందర్భంలోనే తెలిసింది. షింగ్రిక్స్ అనే ఈ టీకా మన దేశంలో 2023లో అందుబాటులోకి వచ్చింది. 50 ఏళ్లు దాటినవారికి రెండు నుంచి ఆరు నెలల వ్యవధిలో రెండు మోతాదులుగా ఇస్తారు. అందులో బతికి ఉన్న వైరస్ ఉండదు గనుక నిరోధక శక్తి తగ్గినవారికి కూడా ఇవ్వవచ్చు. ధర మాత్రం సామాన్యుడు ఉలిక్కిపడేలా ఉన్నది. నేను వేయించుకున్నాను, కాని పింఛను లేని మా ఊరి రైతుకు వేయించుకొమ్మని చెప్పడానికి నాకు నోరు రాదు.

పూత మందుల గురించి ఒక మాట. నోటి పుండు అనగానే ఆర్‌ఎంపీలు గాని, మందుల దుకాణం కుర్రాళ్లు గాని ఇచ్చేవాటిలో స్టెరాయిడ్ కలిసిన పేస్టులు ఉంటాయి. మామూలు నోటిపూతకు అవి పనికివస్తాయి. వైరస్ పుండుకు వైరస్ మందు లేకుండా అవి ఒక్కటే రాస్తే, ఆ చోట ఒంటి కాపలాను మనమే పక్కకు తప్పించినట్టవుతుంది, పుండు పాకుతుంది. ఫంగస్ పెరగడానికి కూడా అవి తోడ్పడతాయి. వైరస్ మీద యాంటీబయాటిక్ ప్రభావం ఏమీ ఉండదు. ఏ జబ్బో తేలకుండా రాసిన మందు తర్వాత వచ్చే డాక్టరుకు కూడా ఆనవాళ్లు చెరిపేస్తుంది.

వైరస్ పుండ్లున్న రోజుల్లో సెట్టును ఏం చేయాలన్నది తరువాతి ప్రశ్న. వీలైనంత సేపు తీసి ఉంచడమే మంచిది. తప్పనిసరైతే తినేటప్పుడు మాత్రమే పెట్టుకోవచ్చు. పుండు మీద అక్రిలిక్ రాసుకుంటే మానడం ఆలస్యమవుతుంది, పైగా ఆ పలకకు లాలాజలంతో పాటు వైరస్ అంటుకుంటుంది. హెర్పిస్ వైరస్ ప్లాస్టిక్ వంటి నున్నటి వస్తువుల మీద కొన్ని గంటల పాటు బతికి ఉండగలదు. అయితే దాని చుట్టూ కొవ్వు పొర ఒకటి ఉంటుంది; ఆ పొర చెదిరితే అది చచ్చినట్టే. సబ్బు చేసే పని సరిగ్గా అదే. అందుచేత ఖరీదైన మందునీళ్లేమీ లేకపోయినా, మామూలు సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి సెట్టును అన్ని మూలలా రుద్ది, ధారగా పడే నీళ్ల కింద కడిగితే పెద్ద పని జరిగిపోతుంది. ఆ బ్రష్షును జబ్బు తగ్గాక పారేసి కొత్తది కొనుక్కోవాలి.

సెట్టు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా కన్ను నలుపుకోకూడదు; హెర్పిస్ కంటి నల్లగుడ్డుకు సోకితే చూపు మసకబారే ప్రమాదం ఉన్నది. పెదవి మీద పొక్కులున్న రోజుల్లో మనవల్ని ముద్దు పెట్టుకోవడం మానాలి, పురిటి బిడ్డను అసలు ముట్టించకూడదు, ఎందుకంటే నెల లోపు పసివారిలో ఈ వైరస్ ప్రాణాంతకం కాగలదు. సర్పి పొక్కుల రసి వల్ల ఆటలమ్మ పోయనివారికి ఆటలమ్మ రావచ్చు. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. తాతకు పుండు వచ్చిందని దగ్గరికి రానివ్వడం లేదని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

మామూలు రోజుల శుభ్రత విషయంలో మనవాళ్ల అలవాట్లు చూస్తే నాకు బాధ కలుగుతుంది. జీవితమంతా కచ్చికతోనూ పళ్లపొడితోనూ తోముకున్న చేయి సెట్టును కూడా వాటితోనే తోముతుంది. సెట్టుకు వాడే అక్రిలిక్ పన్ను మీది పింగాణీ పొర కన్నా ఎంతో మెత్తన. పళ్లపొడి, కొన్ని టూత్‌పేస్టులు సైతం దాని మీద కంటికి కనబడని గీతలు గీస్తాయి, ఆ గీతల్లో సూక్ష్మజీవులు తిష్ట వేస్తాయి. కొందరు పురుగులు చావాలని మరిగే నీళ్లలో వేస్తారు, దానితో సెట్టు వంకర తిరిగి మళ్లీ నోటికి పట్టదు. హైపోక్లోరైట్ ద్రావణం బాగా పలుచన చేసి పది నిమిషాలకు మించకుండా నానబెట్టడం ఒక పద్ధతే గాని, ఎంత పలుచన అన్నది దంతవైద్యుడు చెప్పాలి, లోహపు తీగలున్న సెట్టుకు అది పనికిరాదు, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి.

రాత్రిపూట సెట్టు తీసి నీళ్ల గిన్నెలో వేయమంటే చాలామంది ఒప్పుకోరు. ఇందులో ఉన్నది బద్ధకం కాదు, సిగ్గు. కోడళ్ల ముందు, వియ్యంకుల ముందు బోసినోటితో కనిపించడం కన్నా చిగుళ్లు ఎర్రబడడమే నయమనుకుంటారు. పెళ్లిళ్లకు వెళ్లి పది మంది మధ్య పడుకున్నప్పుడు నాకూ ఆ ఇబ్బంది తెలుసు. అయినా ఒక్క సంగతి చెప్పాలి. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్ల పాటు గమనించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, రాత్రి సెట్టుతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు సుమారు రెండింతలు ఉన్నట్టు తేలింది. నోట్లో పెరిగినవి నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారుతాయన్న మాట. చీకట్లో తీసి, తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచి పెట్టుకుంటే ఎవరూ చూడరు.

చివరగా మా జిల్లాకే ప్రత్యేకమైన సంగతి ఒకటి మిగిలి ఉన్నది. తీర గ్రామాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి కొడతాయి. 1960లలో మన దేశంలో యాభై వేలకు పైగా గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో ప్రకటించిన పెద్ద అధ్యయనానికి ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇతర చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి కేన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధం మన ప్రాంతపు పరిశోధనల వల్లనే ప్రపంచానికి స్పష్టంగా తెలిసింది. అటువంటి ఆమె పళ్లు పోయి సెట్టు పెట్టుకున్నదనుకుందాము. పై సెట్టు అంగిలిని పూర్తిగా కప్పేస్తుంది. అక్కడ తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, మానని పుండు గాని ఉంటే ఆమెకూ తెలియదు, ఇంటివారికీ తెలియదు. తెలిసినా మళ్లీ అదే మాట, సెట్టు కరిచిందని.

సెట్టు కరిచిన పుండు అరగదీశాక పది రోజుల్లో మానాలి, హెర్పిస్ పుండు రెండు వారాల్లో మానాలి, సర్పి పుండు రెండు మూడు వారాల్లో కనీసం మానుముఖం పట్టాలి. రెండు వారాలు సెట్టు తీసి ఉంచినా తగ్గుముఖం పట్టని పుండును, ముఖ్యంగా అంచు గట్టిపడి నొప్పి లేకుండా ఉన్నదానిని, ఇక ఏ పేస్టుతోనూ పరీక్షించకుండా చిన్న ముక్క తీయించి పరీక్షకు పంపాలి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం మన పల్లెల్లో బలంగా ఉన్నది. దానికి ఆధారమేమీ లేదు. మత్తుసూది ఇచ్చి, ఒకటి రెండు కుట్లతో ముగిసే పని అది, ఎక్కువగా అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. పరీక్షకు వెళ్లేటప్పుడు సెట్టును కూడా వెంట తీసుకువెళ్లాలి. పుండు ఉన్న చోటుకూ దాని అంచుకూ పొంతన ఉన్నదో లేదో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు డాక్టరుకు కలుగుతుంది.